అంకె చూశాక ఏం చేయాలి?

ఎమర్జెన్సీ వార్డులో నర్సుగా పనిచేసి రిటైరయ్యాను. ఇప్పుడు చాలా ఇళ్లలో బీపీ మిషను, షుగర్ మిషను, వేలికి పెట్టే ఆక్సీమీటరు ఉంటున్నాయి. విదేశాల్లో ఉన్న పిల్లలు స్మార్ట్‌వాచీలూ పంపుతున్నారు. ఆపదలో అవి అక్కరకు రావాలంటే ఈ ఆరు సంగతులు గుర్తుపెట్టుకోండి.

1. ఒక్క రీడింగు కాదు, వరస చూడండి. గుండె బలహీనపడిన ఒక పెద్దాయన బరువును ఆయన కోడలు రోజూ పొద్దున్నే నోట్‌బుక్కులో రాసేది. 62, 62.5, 64. ఆయనకింకా ఆయాసం మొదలవలేదు. "మామయ్యకు ఒంట్లో నీరు చేరుతోందేమో చూడండి సిస్టర్" అంటూ పుస్తకం పట్టుకొచ్చింది. డాక్టరుగారు మాత్ర మోతాదు మార్చారు. బరువు దిగింది, ఐసీయూ అవసరం పడలేదు.

2. కొలిచే పద్ధతి పాటించండి. మెట్లెక్కి వచ్చిన వెంటనే బీపీ చూడొద్దు. ఐదు నిమిషాలు కూర్చుని, చేతిని గుండె ఎత్తులో ఉంచి చూడాలి. గోళ్లకు రంగున్నా, వేళ్లు చల్లబడినా ఆక్సీమీటరు తప్పు చూపొచ్చు.

3. హద్దులు ముందే తెలిసుండాలి. షుగర్ 70 కంటే తగ్గి, మనిషి తెలివిలో ఉంటే మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి తాగించండి. 15 నిమిషాలకు మళ్లీ పరీక్ష చేయండి. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయకూడదు, వెంటనే 108కి ఫోన్ చేయాలి.

4. మిషను బాగుందన్నా మనిషిని చూడండి. గుండె లయ తప్పితే కొన్ని వాచీలు పట్టుకుంటాయి గానీ గుండెపోటును పట్టుకోలేవు. ఛాతీ బరువెక్కి చెమటలు పడితే ఆసుపత్రిలో ఈసీజీ తీయించాల్సిందే.

5. టైము రాయండి. మూతి వంకరపోయినా, చేయి పడిపోయినా, మాట తడబడినా పక్షవాతమేమోనని అనుమానించాలి. రక్తపు గడ్డను కరిగించే ఇంజెక్షను సాధారణంగా నాలుగున్నర గంటల్లోపే ఇస్తారు. అందుకే "చివరిసారి మామూలుగా ఎప్పుడున్నారు?" అని మేం అడిగేవాళ్లం. ఆ జవాబు మీద వైద్యం ఆధారపడుతుంది.

6. వివరాలు ఒకచోట ఉంచండి. వాడే మందులు, పడని మందులు, పాత ఈసీజీ ఒకే కవర్లో పెట్టండి. ఫోను లాక్ తీయకుండానే కనిపించే ఎమర్జెన్సీ సమాచారంలోనూ మందుల వివరాలు నింపండి.

మిషన్లు కొనడానికి పెట్టిన శ్రద్ధే వీటి మీదా పెట్టండి. ఇంట్లో పెద్దవాళ్లుంటే ఆ కవరు ఈ రోజే సిద్ధం చేయండి, అది ఎక్కడుందో ఇంట్లో అందరికీ చెప్పండి.