ఎడిటర్ అడిగే ప్రశ్న కంటపడాలంటే

మైదుకూరులో ఇంటి నుంచే కోడ్ రాసేవారైనా, దూరంగా ఉన్న సర్వర్‌లో ఫైళ్లు సవరించేవారైనా రోజంతా ఎడిటర్‌తోనే గడుపుతారు. చెరిపే ముందు, సేవ్ చేయకుండా మూసే ముందు అది అడుగుతుంది. చిక్కేమిటంటే, మన చూపు కర్సర్ దగ్గర ఉంటుంది, ప్రశ్న తెర అడుగున వస్తుంది. గమనించకుండా టైపు చేసుకుంటూ పోతే మధ్యలో తగిలిన ‘వై’ అక్షరమే ‘సరే’ అన్న జవాబైపోతుంది.

రంగు మార్చండి. ఈమాక్స్ అనే ఎడిటర్‌లో ఆల్ట్, ఎక్స్ కలిపి నొక్కి ‘కస్టమైజ్-ఫేస్’ అని కొట్టండి. ‘మినీబఫర్-ప్రాంప్ట్’ ఎంచుకుని వెనుక పసుపు, అక్షరాలు నలుపు, బోల్డ్ పెట్టి సేవ్ చేయండి. విమ్ అనే మరో ఎడిటర్‌లో ‘క్వశ్చన్’, ‘మోర్‌ఎంఎస్‌జీ’ అనే హైలైట్ గ్రూపులకు రంగులివ్వండి. విమ్‌లోనే ‘సెట్ కన్ఫర్మ్’ పెట్టుకుంటే, సేవ్ చేయని ఫైలును మూయబోయినప్పుడు ఎర్రర్ చూపి ఊరుకోదు, ఏం చేయాలో అడుగుతుంది.

జవాబు పొడుగ్గా ఉంచండి. ఈమాక్స్‌లో ఫైలు పేరు అడిగినా అదే పసుపు కనబడుతుంది కాబట్టి రంగు ఒక్కటే చాలదు. నష్టం పెద్దదైన చోట అది ‘యెస్’ అని మొత్తం కొట్టి ఎంటర్ నొక్కమంటుంది. 2022లో వచ్చిన 28వ వెర్షన్‌లో ‘యూజ్-షార్ట్-ఆన్సర్స్’ పెడితే ఒక్క అక్షరంతో పని జరిగిపోతుంది. హాయిగానే ఉంటుంది గానీ, పొరపాటున నొక్కినా అంతే తేలిగ్గా రాసింది పోతుంది. ‘కన్ఫర్మ్-కిల్-ఈమాక్స్’కు ‘యెస్-ఆర్-నో-పీ’ ఇస్తే ఎడిటర్‌ను మూసేటప్పుడూ అడుగుతుంది.

కీబోర్డు చూసుకోండి. విండోస్‌లోనో లినక్స్‌లోనో తెలుగు ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు ఆన్‌లో ఉంటే ‘వై’ నొక్కితే ‘బ’, ‘ఎన్’ నొక్కితే ‘ల’ పడుతుంది. ఈమాక్స్ మళ్లీ అడుగుతుంది, మనమేమో ఎడిటర్ బిగుసుకుపోయిందనుకుంటాం. ముందు ఇంగ్లీషుకు మారి, ఆ తర్వాతే జవాబివ్వండి.

ప్రశ్నలు తగ్గించండి. నాలుగు రోడ్ల కూడలిలో అన్ని బండ్లూ హారన్ కొడుతుంటే ఎవరూ తిరిగి చూడరు. ప్రతి చిన్న పనికీ ప్రశ్న పెట్టుకుంటే వేలికి ‘సరే’ అనడం అలవాటైపోతుంది. వెనక్కి తీసుకోగలిగే పనులకు అన్‌డూ చాలు. చెరపడం, మరో ఫైలు మీద రాసేయడం, సర్వర్‌లోని సెట్టింగులు మార్చడం, వీటికే ప్రశ్న ఉంచండి.

విండోస్ 11లోని కొత్త నోట్‌ప్యాడ్ ఈ దారిలోనే వెళ్లింది. మూసేటప్పుడు అడగకుండా, సేవ్ చేయని రాతను తనే దాచి, మళ్లీ తెరిచినప్పుడు చూపిస్తుంది. అయితే ఆ రాత అసలు ఫైలులోకి చేరదు. పంపే ముందు సేవ్ చేయాల్సింది మీరే.

సెట్టింగులు మార్చాక పనికిరాని ఫైలొకటి తెరిచి, రెండక్షరాలు మార్చి, సేవ్ చేయకుండా మూయబోండి. వెతక్కుండానే ప్రశ్న కనబడిందంటే సెట్టింగ్ కుదిరినట్టే. కనబడకపోతే రంగు ఇంకాస్త ముదురు చేయండి.