సెకండ్ హ్యాండ్ స్పోర్ట్స్ సెడాన్ కొంటున్నారా? మీ ఎనిమిదో తరగతి అమ్మాయిని పక్కన కూర్చోబెట్టుకోండి



కారు కొనడం అంటే మన ఇళ్లలో సాధారణంగా నాన్నగారు, ఆయన స్నేహితుడు, తెలిసిన మెకానిక్ కలిసి తేల్చేసే వ్యవహారం. పిల్లలకు రంగు ఎంచుకునే అవకాశం ఇస్తాం. సెకండ్ హ్యాండ్ అయితే అదీ లేదు, దొరికిన రంగే. నేను మీ పిల్లలకు ఎనిమిది, తొమ్మిది తరగతుల్లో గణితం చెబుతాను. నిష్పత్తులు, శాతాలు, వడ్డీ, చలనం, శక్తి ఇన్ని పాఠాలు ఒకే చోట కలిసే సందర్భం ఇంట్లో ఇంకొకటి దొరకదు. అందుకే ఈ నెల పాఠం కారు మీద. అదీ మామూలు కారు కాదు. పిల్లల ఫీజులు కడుతూనే, మనసులో ఎక్కడో ఇంకా కాస్త వేగం మీద ఇష్టం మిగిలిన అమ్మానాన్నల కోసం, చురుగ్గా పరుగెత్తే, నమ్మకంగా ఉండే పాత సెడాన్ మీద.

ముందుగా "ఫాస్ట్" అంటే ఏమిటో పిల్లలతో తేల్చండి. పీఎస్ ఎక్కువ ఉంటే ఫాస్ట్ అని వాళ్లు వెంటనే చెబుతారు. అప్పుడు బరువు గురించి అడగండి. ఒక కారు 150 పీఎస్, బరువు 1,250 కిలోలు అనుకుందాం. టన్నుకు 120 పీఎస్. ఇంకో కారు 170 పీఎస్, కానీ బరువు 1,700 కిలోలు. టన్నుకు 100 మాత్రమే. కాగితం మీద పెద్దగా కనిపించే ఎస్‌యూవీ సిగ్నల్ దగ్గర సెడాన్ కంటే ఎందుకు వెనకబడుతుందో ఈ ఒక్క భాగహారంలో తెలిసిపోతుంది. మీరు చూస్తున్న నాలుగైదు కార్ల పవర్, కెర్బ్ వెయిట్ కంపెనీ బ్రోచర్లలో వెతికి, పట్టిక వేసే పని అమ్మాయికి అప్పగించండి.

ఆ పట్టికలో ఏ కార్లు ఉండవచ్చు? 2022లో వచ్చిన ఫోక్స్‌వ్యాగన్ వర్టస్, స్కోడా స్లావియా కార్లలో 1.5 లీటర్ టర్బో ఇంజిన్ 150 పీఎస్ ఇస్తుంది. 2023 హ్యుందాయ్ వెర్నా టర్బోది 160 పీఎస్. ఈ మూడింటికీ గ్లోబల్ ఎన్‌క్యాప్ క్రాష్ పరీక్షల్లో ఐదు స్టార్లు వచ్చాయి. 2020 తర్వాతి హోండా సిటీ పెట్రోల్‌లో టర్బో లేదు, 121 పీఎస్. దాన్ని స్పోర్ట్స్ సెడాన్ అనొచ్చా అని కార్ల పిచ్చి ఉన్నవాళ్లు వాదిస్తారు. నా మటుకు, పదేళ్లు తలనొప్పి లేకుండా తిరగాలంటే ఆ వాదనలో ఓడిపోవడానికి సిద్ధమే. ఇక స్కోడా ఆక్టేవియా ఆర్ఎస్ 245 ఉంది. 2020లో మన దేశానికి 200 కార్లు మాత్రమే వచ్చాయి, 245 పీఎస్. చూడటానికి వెళ్లండి, ఫొటో దిగండి. స్కూల్ బ్యాగులు మోయడానికి, స్పీడ్ బ్రేకర్లు దాటడానికి అయితే నేను సలహా ఇవ్వను. ఫియట్ లీనియా టీ-జెట్‌కు ఇప్పటికీ అభిమానులున్నారు కానీ, ఆ కంపెనీ కార్ల అమ్మకాలే ఇక్కడ ఆగిపోయాయి. ఏదైనా పార్టు కావాలంటే ఊరంతా తిరగాలి.

నమ్మకం విషయంలో ఇంజిన్ కంటే గేర్‌బాక్స్ గురించి ఎక్కువ అడగండి. వర్టస్, స్లావియా 1.5లో ఆటోమేటిక్ అంటే ఏడు గేర్ల డీఎస్‌జీ. అందులో రెండు క్లచ్‌లు ఉంటాయి, ఒకటి బేసి గేర్లకు, ఒకటి సరి గేర్లకు. ఒక గేరులో వెళ్తుండగానే తర్వాతి గేరు సిద్ధంగా ఉంటుంది, అందుకే అంత చురుకు. కానీ ఇవి ఆయిల్‌లో మునగని పొడి క్లచ్‌లు. ట్రాఫిక్‌లో అంగుళం అంగుళం కదిలే కొద్దీ వేడెక్కుతాయి. మెకట్రానిక్ యూనిట్ పాడైతే బిల్లు లక్ష దాటడం మామూలే. అందుకే అలాంటి కారును ఖాళీ రోడ్డు మీద కాదు, సాయంత్రం ఆరింటికి రద్దీలో నడిపి చూడండి. ఒకటి నుంచి రెండో గేరుకు మారేటప్పుడు కుదుపు, ఫ్లైఓవర్ ఎక్కుతూ ఆగి బయల్దేరేటప్పుడు వణుకు ఉంటే వదిలేయండి. మీకు క్లచ్ తొక్కడం కష్టం కాకపోతే అదే ఇంజిన్‌తో వచ్చే మాన్యువల్ వెతకండి. పాత కారుకు నేను వేసే మొదటి ఓటు దానికే.

ధర దగ్గర రెండు లెక్కలు

15 లక్షల కారు ఏడాదికి 15 శాతం చొప్పున విలువ కోల్పోతే, ఐదేళ్ల తర్వాత ఎంత? ఐదు పదిహేనులు డెబ్బై ఐదు, కాబట్టి మిగిలేది మూడు లక్షల 75 వేలు అని క్లాసులో సగం మంది చెబుతారు. కానీ రెండో ఏడాది 15 శాతం తగ్గేది 15 లక్షల మీద కాదు, మిగిలిన 12 లక్షల 75 వేల మీద. అలా లెక్కిస్తే ఐదేళ్లకు దాదాపు 6 లక్షల 66 వేలు మిగులుతుంది. ఇన్సూరెన్స్ వాళ్ల ఐడీవీ పద్ధతి వేరు. అక్కడ శాతం ఎప్పుడూ కంపెనీ ధర మీదే: ఆరు నెలల నుంచి ఏడాది వరకు 15, రెండేళ్ల వరకు 20, మూడేళ్ల వరకు 30, నాలుగేళ్ల వరకు 40, ఐదేళ్ల వరకు 50. అమ్మే వ్యక్తి చెప్పే ధర ఈ రెండు లెక్కల కంటే బాగా ఎక్కువగా ఉంటే, ఎందుకో అడిగే హక్కు మీకుంది.

రెండో లెక్క లోన్ మీద. ఇది పెద్దవాళ్లూ నోట్‌బుక్ తీసి చేయాల్సిందే. ఒకరు "ఏడు శాతమే సార్, ఫ్లాట్ రేటు" అంటారు. ఇంకొకరు 12 శాతం, తగ్గే అసలు మీద అంటారు. ఎనిమిది లక్షలు, ఐదేళ్లు. ఫ్లాట్‌లో వడ్డీ 8 లక్షలు × 7 శాతం × 5, అంటే 2 లక్షల 80 వేలు. నెలకు 18,000. 12 శాతం తగ్గే పద్ధతిలో ఈఎంఐ సుమారు 17,800, మొత్తం వడ్డీ దాదాపు 2 లక్షల 68 వేలు. ఏడు కంటే పన్నెండే చవక! ఫ్లాట్‌లో మీరు తీర్చేసిన అసలు మీద కూడా చివరి నెల దాకా వడ్డీ కడుతూ ఉంటారు, అదే తేడా. "రేటు ఎంత" అని కాకుండా "మొత్తం ఎంత కడతాను" అని అడగమని పిల్లలకు చెప్పండి. ఈ ఒక్క ప్రశ్న వాళ్లకు జీవితాంతం పనికొస్తుంది.

కారు దగ్గర పిల్లలు చేయగల పరీక్షలు

వీటికి మెకానిక్ అక్కర్లేదు, చురుకైన కళ్లు చాలు. టైరు పక్కన డాట్ అని మొదలయ్యే అక్షరాల చివర నాలుగు అంకెలు ఉంటాయి. 2321 అంటే 2021లో 23వ వారంలో తయారైంది. స్టెప్నీది కూడా చూడమనండి. 2021 కారు, 20 వేల కిలోమీటర్ల రీడింగ్, కానీ నాలుగు టైర్లూ 2024వి. మరి పాత టైర్లు అంత తొందరగా ఎందుకు అరిగిపోయాయి? అలాగే కిటికీ అద్దాల మూలల్లో తయారీ గుర్తులుంటాయి. ఒక్క అద్దం మీద మాత్రం వేరే ఏడాది ఉంటే, అది ఎప్పుడో పగిలిందన్నమాట.

రీడింగ్‌ను ఇంకోలా కూడా పరీక్షించవచ్చు. ఐదేళ్లకు 24 వేల కిలోమీటర్లు అంటే రోజుకు సుమారు 13. పాత యజమాని ఆఫీసుకు రానుపోను 25 కిలోమీటర్లు అయితే, ఏడాదికి 250 పని దినాలకు 6,250, ఐదేళ్లకు 31,250. తిరుపతి, సొంతూరు ప్రయాణాలు ఇందులో లేనే లేవు. ఇంటి నుంచి పని చేశారేమో, ఇంకో బండి ఉందేమో, అడగండి. జవాబు నచ్చకపోతే కంపెనీ సర్వీస్ సెంటర్‌లో సర్వీస్ హిస్టరీ తీయించండి. అరిగిపోయిన బ్రేక్ పెడల్, నున్నగా మెరిసే స్టీరింగ్ కూడా నిజం చెబుతాయి.

వరద నీళ్లు చూసిన కారు అన్నిటికంటే ప్రమాదం. 2020 అక్టోబరులో హైదరాబాద్, 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ మునిగినప్పుడు ఎన్ని కార్లు నీళ్లలో ఉన్నాయో మీరు చూసే ఉంటారు. సీటు బెల్టును చివరి వరకూ బయటికి లాగమనండి. కింది భాగం కడుగుతారు కానీ లోపల చుట్టుకున్న భాగంలో మట్టి గీత మిగిలిపోతుంది. సీటు కింద పట్టాల తుప్పు, స్టెప్నీ గుంటలో ఒండ్రు, హెడ్‌లైట్ లోపల ఆవిరి, ఏసీ వేయగానే ముక్కవాసన. ఈ నాలుగింటిలో రెండు కనిపించినా ధర ఎంత తగ్గించినా వద్దు. ఎయిర్‌బ్యాగ్ వైరింగ్ కూడా ఆ నీళ్లలోనే నానింది కదా.

మీరు వెళ్లేసరికి ఇంజిన్ చల్లగా ఉండాలని ముందే ఫోన్‌లో చెప్పండి. వెళ్లగానే బోనెట్ మీద చెయ్యి పెట్టండి. వెచ్చగా ఉంటే ఎవరో ముందే స్టార్ట్ చేసి ఉంచారు, ఇంకో రోజు వస్తామనండి. చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేసినప్పుడు నీలి పొగ వస్తే ఆయిల్ కాలుతోందని అర్థం. టర్బో కార్లలో దీన్ని అసలు తేలిగ్గా తీసుకోకండి. ఇవన్నీ దాటాకే మెకానిక్‌ను పిలవండి, అప్పుడు ఆయన ఫీజు వృథా కాదు.

కాగితాల సంగతి క్లుప్తంగా. ఆర్సీలోని ఛాసిస్, ఇంజిన్ నంబర్లు బండి మీద ఉన్నవాటితో మీరే పోల్చుకోండి. ఫైనాన్స్ ఉంటే బ్యాంక్ ఎన్‌ఓసీ, ఫారం 35 లేకుండా టోకెన్ అడ్వాన్స్ కూడా ఇవ్వొద్దు. పెండింగ్ చలాన్లు చూడండి. యాజమాన్యం మార్పుకు ఫారం 29, 30. ఇన్సూరెన్స్ 14 రోజుల్లోగా మీ పేరు మీదకు మార్పించుకోవాలి. నో క్లెయిమ్ బోనస్ అమ్మిన వ్యక్తిదే, బండితో పాటు మీకు రాదు. ఢిల్లీలో పాత బండ్ల మీద ఆంక్షల వల్ల అక్కడి కార్లు చవకగా వస్తుంటాయి. అలాంటివి చూస్తే ఫారం 28 ఎన్‌ఓసీ, ఇక్కడ కట్టే లైఫ్ ట్యాక్స్ కలిపాక ధర చెప్పుకోండి.

ఇక బ్రేకులు, తాళం చెవి

తొమ్మిదో తరగతి వాళ్లకు గతిశక్తి పాఠం ఉంది. వేగం రెట్టింపైతే శక్తి నాలుగు రెట్లు. పొడి రోడ్డు, మంచి టైర్లు, డ్రైవరు స్పందించడానికి ఒక సెకను అనుకుందాం. 60 వేగంలో కారు ఆగడానికి సుమారు 36 మీటర్లు, క్రికెట్ పిచ్ పొడవుకు రెండింతల కంటే కాస్త తక్కువ. ఔటర్ రింగ్ రోడ్డు మీద 120 అయితే సుమారు 113 మీటర్లు, అంటే ఐదున్నర పిచ్‌లు. వర్షం పడితే ఇంకా ఎక్కువ. పిల్లల్ని గ్రౌండ్‌కు తీసుకెళ్లి అడుగులతో కొలిపించండి. అంకెగా విన్నప్పుడు పట్టించుకోని పిల్లాడు కూడా ఆ దూరం నడిచాక ఒక్క క్షణం ఆగుతాడు.

ఎందుకు చెబుతున్నానంటే, ఇలాంటి కారు ఇంటికి వచ్చాక దాని మీద మొదట కన్ను పడేది పదో తరగతి, ఇంటర్ చదివే మీ అబ్బాయిదే. "అపార్ట్‌మెంట్ లోపలే కదా నాన్నా" అని మొదలవుతుంది. 18 ఏళ్లు నిండకుండా కారు నడిపితే, 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం 199ఎ సెక్షన్ ప్రకారం బాధ్యత తల్లిదండ్రులది, బండి యజమానిది. మూడేళ్ల వరకు జైలు, 25 వేల జరిమానా, ఏడాది పాటు ఆర్సీ రద్దు. ఆ అబ్బాయికి 25 ఏళ్లు వచ్చేదాకా లైసెన్స్ రాదు. ఇది వాడిని భయపెట్టడానికి కాదు, కారు చూడటానికి వెళ్లే రోజే, బేరం కంటే ముందే, ఇద్దరూ కలిసి చదవండి. సెకండ్ హ్యాండ్ కారుకు రెండు తాళం చెవులు ఉండాలి. రెండోది అమ్మేవాళ్ల దగ్గర అడిగి తీసుకుని, బీరువాలో పెట్టండి.

పిల్లలు వేసిన పట్టికలు ఈ నెలాఖరులోగా క్లాసుకు పంపండి. కారు కొనకపోయినా పంపవచ్చు, మార్కులు లెక్కకే.