బీచ్‌లో వంట, ఫోన్‌లో షూట్: వైజాగ్ గాలి నాకు నేర్పిన పాఠాలు

ఇంట్లో వంట షూట్ చేయడం వేరు, ఆరుబయట పొయ్యి పెట్టి షూట్ చేయడం వేరు. ఈ తేడా నాకు భీమిలి దగ్గర ఒక ఆదివారం బాగా తెలిసొచ్చింది. మా అమ్మమ్మ చేసే వంజరం పులుసును సముద్రం బ్యాక్‌గ్రౌండ్‌లో తీద్దామనుకున్నాను. మోకాళ్ల నొప్పులున్నా మనవడు అడిగాడని ఇసుకలో నడిచొచ్చింది. రెండు గంటలు వండింది, కొలతలన్నీ నోటితో చెప్పింది. ఇంటికొచ్చి ప్లే చేస్తే గాలి హోరు తప్ప ఇంకేమీ లేదు. "ఏట్రా ఇది, నా మాటే ఇనపడట్లేదు!" అంది.

బయట వంట వీడియోలంటే మనకు గుర్తొచ్చేది 'కంట్రీ ఫుడ్స్' మస్తానమ్మ, 'గ్రాండ్‌పా కిచెన్' నారాయణ రెడ్డి తాత. ఆమె 2018 డిసెంబరులో, ఆయన 2019 అక్టోబరులో కన్నుమూశారు. వాళ్ల వంట ఇప్పుడు వీడియోల్లోనే ఉంది. అందుకే మన ఇంటి పెద్దవాళ్లను షూట్ చేసేటప్పుడు "మళ్లీ తీద్దాంలే" అనుకోకూడదు. నేను చేసిన తప్పులు మీరు చేయకుండా ఒక్కొక్కటీ చూద్దాం.

1. ముందు టైమ్ చూసుకోండి

వైజాగ్‌లో సముద్రం తూర్పున ఉంటుంది. పొద్దున్న సముద్రాన్ని వెనక పెట్టి తీస్తే సూర్యుడు లెన్స్‌కి ఎదురుగా వస్తాడు, వండేవాళ్ల ముఖం నల్లగా పడుతుంది. సాయంత్రం వెలుగు ముఖం మీద చక్కగా పడుతుంది కానీ, మధ్యాహ్నం నుంచి సముద్రపు గాలి జోరందుకుంటుంది. వెలుగు కావాలా, సౌండ్ కావాలా? వంట వీడియోకి నా ఓటు సౌండ్‌కే. పొద్దున్నే మొదలుపెట్టి, సముద్రం పక్కకు వచ్చేలా కెమెరా తిప్పుకుంటే రెండూ సర్దుకుంటాయి.

2. ఎన్‌డీ ఫిల్టర్ ఎందుకు?

25 ఎఫ్‌పీఎస్‌లో కదలిక సహజంగా కనిపించాలంటే షటర్ 1/50 ఉండాలి. చాలా ఫోన్లలో మెయిన్ కెమెరా అపెర్చర్ మారదు. ఎఫ్/1.8, ఐఎస్‌ఓ 50 అనుకుంటే, మంచి ఎండలో ఫోన్ షటర్‌ను దాదాపు 1/4000కి తీసుకెళ్తుంది. గరిటె తిప్పినా, పులుసు మరిగినా గతుకుల్లా కనిపించేది అందుకే. 1/4000 నుంచి 1/50కి రావాలంటే వెలుగును సుమారు 80 రెట్లు తగ్గించాలి. ఎన్‌డీ64 ఫిల్టర్ 64 రెట్లు తగ్గిస్తుంది, దాదాపు సరిపోతుంది. నీడలో వండితే ఎన్‌డీ8 లేదా ఎన్‌డీ16 చాలు.

3. ఆటో మోడ్‌ను నమ్మొద్దు

ఆవిరి లేవగానే ఆటోఫోకస్ దాన్ని పట్టుకుంటుంది, మంట ఎగిస్తే వైట్ బ్యాలెన్స్ మారిపోతుంది. ఒకే షాట్‌లో పులుసు ఒకసారి ఎర్రగా, ఒకసారి పసుపుగా కనిపిస్తుంది. ఫోకస్, ఎక్స్‌పోజర్ లాక్ చేయండి. వైట్ బ్యాలెన్స్‌ను 5500 కెల్విన్ దగ్గర ఫిక్స్ చేయండి. పొగ వెళ్లే వైపు ట్రైపాడ్ పెట్టొద్దు. పొయ్యికి గాలివైపు ఇటుకలు అడ్డం పెడితే మంటా నిలబడుతుంది.

4. అసలు సమస్య సౌండ్

గాలి నేరుగా మైక్‌లోని సన్నని పొరను కొడితే రికార్డింగ్ పగిలిపోతుంది. అలా పోయిన మాటను ఏ నాయిస్ రిమూవల్ యాప్ కూడా పూర్తిగా వెనక్కి తేలేదు. మామూలు ఫోమ్ ముక్క బీచ్ గాలికి ఆగదు. బొచ్చు కవర్, అదే 'డెడ్ క్యాట్', కావాలి. కాలర్ మైక్‌కి అది తొడిగి, మాట్లాడేవాళ్ల వీపు గాలివైపు ఉండేలా నిలబెట్టండి. చీర కొంగు మైక్‌కి రాసుకోకుండా పిన్ను పెట్టండి. పోపు చిటపటలను రెండో ఫోన్‌తో, మూకుడుకు అడుగున్నర పక్కనుంచి విడిగా రికార్డ్ చేయండి. పైనుంచి పెడితే ఆవిరి తగులుతుంది.

5. వేడి, తేమ, ఉప్పు

ఐఫోన్‌ను 0 నుంచి 35 డిగ్రీల మధ్య వాడమని యాపిల్ చెబుతుంది. మన మే నెల ఎండకు పొయ్యి సెగ కూడా తోడైతే ఆ గీత దాటేసినట్టే. కేస్ తీసేయండి, ఎయిర్‌ప్లేన్ మోడ్ ఆన్ చేయండి, 4కె 60 బదులు 4కె 30 వాడండి. వేడెక్కిందని ఐస్ బాక్స్‌లో పెట్టొద్దు, లోపల తేమ పట్టే ప్రమాదం ఉంది. ఏసీ కారులోంచి దిగగానే లెన్స్ మసకబారితే పది నిమిషాలు ఆగండి. ఐపీ68 పరీక్ష మంచినీళ్లతో చేసేది, ఉప్పునీటికి అది గ్యారంటీ కాదు. ఇంటికొచ్చాక కొద్దిగా తడిపిన మెత్తని గుడ్డతో తుడిచి, పొడిగుడ్డతో మళ్లీ తుడవండి.

6. డ్రోన్ తీసేముందు

వైజాగ్ తూర్పు నౌకాదళ కేంద్రం. డిజిటల్ స్కై మ్యాప్‌లో రెడ్ జోన్ ఉందేమో చూడకుండా డ్రోన్ ఎగరేయొద్దు.

చివరగా

రెండోసారి పొద్దున్న ఆరున్నరకే వెళ్లాం. ముందు ఒక నిమిషం టెస్ట్ తీసి, ఇయర్‌ఫోన్స్‌లో విన్నాను. మొదటిరోజు చేయాల్సింది ఇదే, దీనికి పైసా ఖర్చు లేదు. ఈసారి "చింతపండు నిమ్మకాయంత, అంతకన్నా ఎక్కువ ఏస్తే చేప రుచి పోద్ది" అనే మాట స్పష్టంగా వచ్చింది. వెలుగు అంత గొప్పగా లేదు, ఫ్రేమ్‌లో సముద్రం సగమే కనిపిస్తుంది. అయినా మా ఇంట్లో అందరి ఫోన్లలో ఉన్న వీడియో అదే.