సెల్లు, టవరు, సిగ్నలు: కొన్ని మాటల యర్థము

మన ప్రాంతపు పిల్లలకు సెల్‌ఫోను క్రొత్త వస్తువు కాదు. అయినను దానినిగూర్చి దినమునకు పదిసార్లు పలుకు మాటలకు అర్థమేమని మేము తరగతిలో నడిగినప్పుడు సరిగా చెప్పినవారు మిక్కిలి తక్కువ. ఈ విషయమున మేమును గర్వింపదగినవారము కాము. 2022వ సంవత్సరము జూలైలో భద్రాచలమువద్ద గోదావరి 71.3 అడుగులవరకు పెరిగెను. బడులు మూసినను, దారులు తెగుటచేత వసతిగృహమునందే నిలిచిపోయిన యొక బాలుడు తండ్రికి ఫోను చేయగా, "కవరేజి ఏరియాలో లేరు" అని వినబడెను. తండ్రి వరదలో పోయెనని ఆ బాలుడు వెక్కివెక్కి యేడ్చెను. అట్లు కాదని మేము చెప్పితిమే గాని, ఏల కాదో చెప్పుటకు మాకు తెలియదు. మూడవనాడు తండ్రి పునరావాస కేంద్రమునుండి మాటాడెను. ఆ తరువాతనే మేమీ మాటలను శ్రద్ధతో చదువ మొదలిడితిమి.

ముందుగా ఒక పాత మాట. భద్రాచలము ఖమ్మము జిల్లాలో చేరినది 1959లో. అంతకుముందు బహుకాలము గోదావరికి అటు మద్రాసు రాజధాని, ఇటు నిజాము రాజ్యము. టెలిగ్రామును తెలుగువారు తంతి యనిరి. ఉర్దూ చదివినవారు తార్ అనిరి. రెంటికిని తీగ యనియే యర్థము. ఆ కాలమున వార్త తీగవెంట పోయెడిది గనుక తీగ పేరే వార్తకు వచ్చెను. తీగ లేకయే వార్త పోవు విధానము వచ్చినప్పుడు నిస్తంతి యను మాట పుట్టెను. మనదేశమున టెలిగ్రాము 2013 జూలైలో నిలిచిపోయినది. నేటి సెల్‌ఫోను నిస్తంతి సంతతిలోనిదే.

సెల్లు అనగా మనవారికి ఫోను. టార్చిలైటులో వేయునదియు సెల్లే గనుక, లోపల బ్యాటరీ యుండుటచేత ఆ పేరు వచ్చినదని కొందరు విద్యార్థులు వ్రాసిరి. ఊహ చక్కనిదే గాని నిజము కాదు. ఇచ్చట సెల్లు అనగా నేలలో నొక భాగము. దేశమును తేనెపట్టు గదులవలె విభజించి, ఒక్కొక్క గదికి టవరు సేవ యందునట్లు ఏర్పరచిరి. ఒక గదిలో వాడిన తరంగములనే దూరపు గదిలో మరల వాడవచ్చును. అందుచేతనే కొద్ది తరంగములతో కోట్లమంది మాటాడగలుగుచున్నారు. కొత్తగూడెమునుండి బస్సులో పాల్వంచకు పోవువాని మాట తెగకుండుటకు కారణము, ఒక గది అతనిని పక్క గదికి అప్పగించుటయే. రెండవ తరము పద్ధతిలో నొక గది సాధారణముగా 35 కిలోమీటర్లకు మించి వ్యాపింపజాలదు. కొండలు, టేకుచెట్లు గల మన యడవిలో అంత దూరము అందుట యరుదు.

ఎందుచేత నందదో పాఠ్యపుస్తకములోని పౌనఃపున్యము అను మాట చెప్పును. నోరు తిరుగని మాటయని పిల్లలు భయపడుదురు. దానిలో నున్నది "పునః పునః", అనగా మరల మరల. తరంగము సెకనుకు ఎన్నిసార్లు మరల మరల కంపించునో అదియే పౌనఃపున్యము. 900 మెగాహెర్ట్జులనగా సెకనుకు 90 కోట్ల సార్లు. ఆ తరంగపు పొడవు సుమారు 33 సెంటీమీటర్లు. 1800 మెగాహెర్ట్జులకు పొడవు అందులో సగము. పొడవైన తరంగము అడ్డంకులను చుట్టి పోవుటలో మేలు. పొట్టిది ఆకులలో, ముఖ్యముగా తడియాకులలో, త్వరగా క్షీణించును.

ఇక ఆ బాలుడు విన్న మాట. మనము ఫోనును క్రమముగా ఆపినప్పుడు అది ఆగుటకు ముందు టవరుకు సెలవు చెప్పి పోవును; అప్పుడు "స్విచ్ ఆఫ్" అని వినబడును. సెలవు చెప్పకయే ఫోను మూగవోయి, పిలుపునకు బదులీయనియెడల "కవరేజిలో లేరు" అని సాధారణముగా వినబడును. వరదలో కరెంటు పోయినప్పుడు టవరు కొంతసేపు బ్యాటరీలమీద, పిదప డీజిలుతో నడచును. దారి తెగి డీజిలు రానిచో టవరే మూగవోవును. అప్పుడు దాని క్రింది ఊరంతయు కవరేజిలో లేనట్లే. ఆనాడు లేనిది టవరు, తండ్రి కాదు. "నెట్‌వర్క్ బిజీ" యనుట వేరు: టవరు ఉన్నది గాని దాని దారులన్నియు నిండినవి.

ఇట్టి వేళ పదేపదే ఫోను చేయుటకంటె చిన్న సందేశము పంపుట మేలు. అది కేంద్రమునందు నిలువయుండి, ఎదుటి ఫోను తిరిగి కలిసినప్పుడు చేరును. మరీ యాలస్యమైనచో కొట్టివేయబడును. ఇంగ్లీషు అక్షరములైన నొక సందేశమున 160 పట్టును. తెలుగున 70 మాత్రమే. అందులోను గుణింతపు గుర్తు, పొల్లు వేర్వేరుగా లెక్కకు వచ్చును. "స్త్రీ" మనకు ఒక్క యక్షరము, ఫోనుకు ఆరు. ఈ లెక్క చెప్పి, వరదనాడు ఇంటికి పంపదగిన సందేశమును వ్రాయుడని తరగతికి చెప్పితిమి. మా బాలుడు వ్రాసినది ఇది: "నాయినా నేను బళ్లో బాగున్నా నువ్వెక్కడ". ఖాళీలతో కూడ లెక్కింపగా 37 వచ్చినవి.