సంగీత మనోవిజ్ఞాన మార్గదర్శి కార్ల్ ష్టుంఫ్

పరిచయం లేని సంగీతం చెవిన పడగానే అది అపస్వరమని తోచడం కద్దు. లోపం ఆ పాటలో ఉన్నదా, వినే చెవిలో ఉన్నదా? ఈ ప్రశ్నను శాస్త్రీయంగా పరిశీలించిన తొలితరం పరిశోధకులలో జర్మన్ ఆచార్యుడు కార్ల్ ష్టుంఫ్ (1848–1936) ముఖ్యులు.

బవేరియాలో ఒక వైద్యుని ఇంట జన్మించిన ష్టుంఫ్ ఏడవ ఏటనే వయొలిన్ చేపట్టారు. తత్త్వశాస్త్రం అభ్యసించి, పలు విశ్వవిద్యాలయాలలో బోధించి, 1894లో బెర్లిన్ చేరారు. స్వర మనోవిజ్ఞానంపై ఆయన రచించిన ఉద్గ్రంథం 1883, 1890లలో రెండు సంపుటాలుగా వెలువడింది.

ఆయన చేసిన ఒక ప్రయోగం ప్రసిద్ధం. సంగీత శిక్షణ లేనివారికి రెండు స్వరాలను ఒకేసారి వినిపించి, విన్నది ఒక స్వరమా, రెండా అని అడిగేవారు. షడ్జంతో తారస్థాయి షడ్జం కలిసినప్పుడు ఒకటే స్వరమని భ్రమించినవారు ఎక్కువ. షడ్జ పంచమాల విషయంలో అంతకంటె తక్కువ. ఈ లీనమయ్యే గుణమే స్వరాల పొందికకు మూలమని ఆయన భావించారు.

అయితే ఐరోపా చెవులు మాత్రమే ప్రమాణం కారాదని ఆయన గ్రహించారు. 1885లో హాలే నగరానికి వచ్చిన కెనడా ఆదివాసి గాయకునిచేత మళ్లీ మళ్లీ పాడించుకొని, ఆ పాటలను స్వరపరచి మరుసటి ఏడు ప్రకటించారు. 1900లో సయాం (నేటి థాయిలాండ్) వాద్యబృందం బెర్లిన్ వచ్చినప్పుడు, సహచరుడు ఒట్టో అబ్రహాంతో కలిసి వారి సంగీతాన్ని ఫోనోగ్రాఫుపై నమోదుచేసి, వాద్యాల శ్రుతులను కొలిచారు. ఒక స్థాయిని 1200 భాగాలుగా ఎంచితే పియానోలో అర్ధస్వరానికి 100, పూర్ణస్వరానికి 200 భాగాలు వస్తాయి. సయాం వాద్యాలలో స్థాయి ఏడు ఇంచుమించు సమానమైన మెట్లుగా విభజింపబడింది. ఒక్కొక్క మెట్టు సుమారు 171 భాగాలు. పియానోకు అలవాటుపడిన చెవికి అపశ్రుతిగా తోచినది నిజానికి మరొక నియమబద్ధమైన శ్రుతి!

ఆ ధ్వనిముద్రణలతోనే బెర్లిన్ ఫోనోగ్రామ్ భాండాగారం ఆరంభమైంది. అబ్రహాం, హోర్న్‌బోస్టెల్‌లు ఫోనోగ్రాఫు ముద్రణల ఆధారంగా భారతీయ గీతాలను పరిశీలించి 1904లో వ్యాసం ప్రకటించారు. 1999లో యునెస్కో ఈ భాండాగారపు తొలినాటి సేకరణలను ప్రపంచ స్మృతి పట్టికలో చేర్చింది.

పరుల సంగీతాన్ని తూచే ముందు తన చెవినే పరీక్షించుకోవాలన్నది ష్టుంఫ్ పరిశోధన నేర్పే పాఠం. బహు భాషలు, బహు బాణీలు గల దేశంలో ఆ పాఠం సంగీతానికే పరిమితం కాదు.