కాకినాడా, విశాఖా?

ప్రశ్న: మా అమ్మాయికి ఈఏపీసెట్ ర్యాంకుతో కాకినాడ జేఎన్‌టీయూలోనూ, ఆంధ్రా యూనివర్సిటీలోనూ ఈసీఈ వచ్చేలా ఉంది. ఆప్షన్లలో ఏది ముందు పెట్టమంటారు?
– ఓ తండ్రి, రాజమహేంద్రవరం

జవాబు: రెండూ పేరున్నవే. తమాషా ఏమిటంటే, ఇప్పటి కాకినాడ కాలేజీ 1946లో మొదలైంది విశాఖపట్నం పేరుతోనే! ముందు సీటు ఏ రకమో చూడండి. రెగ్యులర్ సీటుకీ సెల్ఫ్ ఫైనాన్స్ సీటుకీ ఫీజు వేరు. జేఎన్‌టీయూ అంటే క్యాంపస్ కాలేజీయేనా, అనుబంధ కాలేజీయా? పట్టా మీద యూనివర్సిటీ పేరు ఒకటే, చదువు ఒకటి కాదు.

ఒక పనిదినాన అమ్మాయిని వెంటబెట్టుకుని రెండుచోట్లా ల్యాబులు చూసి రండి. ఆసిలోస్కోపుల మీద దుమ్ముందా? ఒక్కోదాని చుట్టూ ఎంతమంది మూగారు? మూడో ఏడాది పిల్లల రికార్డు అడిగి తిరగేయండి. బ్రోచర్‌లో లేనివి అందులో కనిపిస్తాయి. అత్యధిక ప్యాకేజీ ఎంతని కాదు, ఈసీఈలో ఎంతమందికి ఉద్యోగాలొచ్చాయో అడగండి.

తేడా తేలకపోతే నా మొగ్గు విశాఖకే; ఇంటర్న్‌షిప్ వెతుక్కోవడానికి ఊరు పెద్దది. కాకినాడ దగ్గరంటారేమో, అక్కడైనా హాస్టల్ తప్పదుగా!

ఒక్క జాగ్రత్త. తర్వాతి విడతలో కొత్త సీటొస్తే పాతది దానంతటదే రద్దవుతుంది. చేరే ఉద్దేశం లేని కాలేజీని ఆప్షన్లలో పెట్టకండి.