జూన్ 15 వస్తోందంటేనే గుబులా చెల్లీ?

ముందు టీ తాగు. చల్లారిపోతోంది. తర్వాత చెబుదువుగానిలే.

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం, 61 రోజులు. చేతిలో డబ్బులాడవు, సరుకులు అప్పు మీదే. అయినా మీ ఆయన ఇంటి పట్టునే ఉంటాడు, మనకి కంటినిండా నిద్ర. నిషేధం అయిపోగానే మళ్లీ గుండెల్లో దడ. విడవలూరు మండలంలో సముద్రం ఒడ్డున ఏ ఇంట్లో లేదు చెప్పు ఈ బాధ? కూర కలుపుతున్నా చెవి అలల మీదే. గాలి కాస్త తిరిగిందా, 2004 డిసెంబరు 26 సునామీ కళ్ల ముందుకొస్తుంది.

"దేవుణ్ణి నమ్మినదానికి భయమెందుకు" అని ఎవరో అన్నారని ఏడ్చావంటనే! ఆ మాట సముద్రంలో పారేయ్. పడవ దింపేముందు గంగమ్మకి పసుపు కుంకుమ పెట్టి, కొబ్బరికాయ కొట్టేది భయం లేకనా? భయమేస్తేనే కదా మనం అమ్మ కొంగు పట్టుకునేది!

నెల్లూరు స్వర్ణాల చెరువు దగ్గర రొట్టెల పండగ చూశావు కదా. మొహర్రం నెలలో, బారాషహీద్ దర్గా పక్కన. హిందువులూ ముస్లింలూ అందరూ మోకాలి లోతు నీళ్లలో నిలబడి రొట్టెలు మార్చుకుంటారు. కోరిక తీరినావిడ రొట్టె తెస్తుంది, కోరిక ఉన్నావిడ అందుకుంటుంది. అంటే నీ చేతిలో రొట్టె పెట్టేది ఎవరనుకున్నావు? ఒకప్పుడు నీలాగే కళ్లనీళ్లు పెట్టుకుని, చెయ్యి చాపి నిలబడ్డావిడే. నాకైతే ఏ ఉపన్యాసం విన్నా రాని ధైర్యం ఆ రొట్టె చూస్తే వస్తుంది.

అంతదాకా ఆగలేవా? సోమవారం రామతీర్థం పోదాం పద. రామలింగేశ్వరుడి ముందు కూర్చుని, గుబులంతా నోరు తెరిచి చెప్పేయ్. స్తోత్రాలు రాకపోయినా ఏం కాదు, మామూలు మాటల్లోనే చెప్పు.

కానీ మన చేతిలో పని మాత్రం దేవుడి మీదికి తొయ్యకూడదు. తుపాను హెచ్చరిక ఉంటే ఆయన ఎంత కసిరినా పడవ కదలనీయొద్దు. కోస్ట్ గార్డ్ నంబరు 1554 ఆయన ఫోన్లోనూ, నీ ఫోన్లోనూ వేసి పెట్టు. లైఫ్ జాకెట్ ఎక్కడుంది? తలకింద దిండుగా పెట్టుకున్నాడా! మగవాళ్ల తెలివే అంత. పట్టీ కూడా తెగిందన్నావు కదా, ఇటు తీసుకురా. సూదీ దారం నా దగ్గరున్నాయి.